కింది వాటా స్పీకర్లు ఎవరికి

నా తదనంతరం ఇది చదవబోయే నావాళ్ళకి: బట్టలు కుట్టి బతికిన నేను, చూపు మసకబారినా మతి మసకబారకుండా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బుజ్జగించకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. రాస్తున్నది వీధి చివరి లాయరుగారు. మధ్యమధ్య నేను చెప్పే సొంత గోడు ఇందులో అక్కర్లేదంటున్నారు. పోయేదాన్ని నేను కనక, అక్షరం వదలకుండా రాయమన్నాను.

ఒకటి. ఈ ఇంటి కింది వాటా నా భర్త ద్వారా నాకు సంక్రమించినది. దీన్ని నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో రాసిస్తున్నాను. ఈ వీలునామా అమలు చేయవలసినది కూడా తనే. మేడమీది వాటా నా మరిదిది. మెట్లు ఇద్దరివీ. మెట్లమీద పూలకుండీలు పెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఈ ముక్క ఎవరినుద్దేశించిందో మేడమీద వాళ్ళకి అర్థమవుతుంది.

రెండు. నా కుట్టుమిషను, కత్తెరలు, దారాల పెట్టె, నా దగ్గర పని నేర్చుకుని సొంత కొట్టు పెట్టుకున్న ఆవిడకి చెందవలెను. నాకన్నా చక్కగా కాజాలు కుడుతుంది. ఈ మాట తన ముఖాన ఎప్పుడూ అనలేదు.

మూడు. ముందుగదిలోని స్పీకర్ల జత, దాని ఆంప్లిఫయరు, నా స్వార్జితం. వీటి సంగతి కాస్త వివరంగా చెప్పకపోతే నా కూతురు నన్ను అపార్థం చేసుకుంటుంది.

నా భర్త బస్సు నడిపేవారు. ఉద్యోగం అయిపోయాక ఆయనకి పాటలు తప్ప మరో ధ్యాస లేదు. ఇంట్లో చూస్తే పొద్దస్తమానం నా మిషను టకటక. మేడమీద మరిది కొన్న స్పీకర్లు మనిషి నడుమెత్తున ఉండేవి. సాయంత్రం కాగానే ఈయన చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కేసేవారు. బ్యాంకు నుంచి మరిది పొద్దుపోతేగానీ రాడు. పైన ఉండేది నా తోడికోడలు ఒక్కతే. పాట అయిపోయాక అదే పాట ఆవిడ అందుకునేది. ఆ గొంతు నేరుగా నా వంటింట్లోకి దిగేది. ఆ వెనకే నవ్వులు. నవ్వు వినబడితే నేను మిషను ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. అందులో తప్పేమీ లేదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

ఒకనాడు ఆయన దిగివస్తూనే, "పైన వింటుంటే మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంటుందే" అన్నారు. మర్నాడు నేను స్పీకర్ల కొట్టుకి వెళ్ళాను.

కొట్టతను నా గది ఎంతో అడక్కుండానే పెద్దవి చూపించి, గుండెలదిరేలా ఏదో మోగించాడు. "బాబూ, నాది చిన్నగది. పెట్టగలిగిన డబ్బూ మరీ ఎక్కువ కాదు, అలాగని నాసిరకం కొనను. నేను చెప్పిన పాట పెట్టు" అన్నాను. ఆయన రోజూ కూనిరాగం తీసే పాట అది. ప్రతి మలుపూ నాకు కంఠతా. ఖరీదైన జతకి అతను నెమ్మదిగా శబ్దం పెంచుతున్నాడని పట్టేశాను. అన్నిటినీ ఒకే మోతలో పెట్టించి, కళ్ళు మూసుకుని విన్నాను. ఒక జతలో తబలా బ్రహ్మాండంగా ఉంది, పాడే ఆవిడకి మాత్రం జలుబు చేసినట్టుంది. ఇంకోదానిలో గొంతు తేటగా ఉంది గానీ వయొలిన్ చెవిని కోస్తోంది. వేరే జతలో చరణానికి ముందు ఆవిడ ఊపిరి తీసుకోవడం వినిపించింది. అవే కొన్నాను.

ఇంటికి తెచ్చి గోడకి ఆనించి పెడితే కుండలో మాట్లాడినట్టు మోగాయి. జానెడు ముందుకి లాగాను. కూర్చున్న మనిషి చెవి ఎత్తులో నిలబెట్టాను. రెండిటి మధ్య ఎంత ఎడముందో, ఆయన కుర్చీకీ అంతే ఎడం ఉండేలా సర్దాను. చేతి కుట్లకి కొలత తప్పని దాన్ని, ఇదో లెక్కా!

ఆ సాయంత్రం ఆయన మెట్లెక్కలేదు. నేను మిషను ఆపేసి పక్కన కూర్చున్నాను. గెలిచాననుకున్నాను. పాట అయ్యాక ఆయన, "ఎంత స్పష్టంగా ఉందే! అచ్చం మన మరదలు పాడినట్టే ఉంది" అన్నారు.

చేజేతులా ఆవిడని తెచ్చి నా ముందుగదిలో కూర్చోబెట్టుకున్నాను.

నాలుగు. ఆయన పోయాక మేడమీద పాట ఆగిపోయింది. అప్పుడు నాకు మరింత మండింది. కట్టుకున్నదాన్ని నేనుండగా, పాట మానేసేంత దుఃఖం ఆవిడకెక్కడిది? ఆ మాట అడిగేద్దామనే ఒక ఉదయం మెట్లెక్కాను. తలుపు తీసే ఉంది. ఆవిడ నన్ను చూసి, నోరు విప్పనీయకుండానే, "అక్కయ్యా, కింద పాటలెందుకు మానేశారు? మీరు పెడతారేమోనని రోజూ కిటికీ తీసి కూర్చుంటున్నాను" అంది. నేను ఎక్కిన మెట్లే దిగొచ్చేశాను. అడగబోయిన మాట ఇంతవరకూ అడగనేలేదు.

ఆ స్పీకర్లు తనకి కావాలని నా కూతురు అంటోంది. ఇస్తే బీరువా మీదకెక్కించి, పైన దుప్పట్లు పేరుస్తుంది. కాబట్టి సదరు స్పీకర్ల జత, ఆంప్లిఫయరుతో సహా, నా తోడికోడలికి చెందవలెను. ఇందులో ఎవరికీ ఏ తగవూ లేదు. షరతులు: వాటిని గోడకి ఆనించరాదు. గుడ్డ కప్పరాదు. మరిది తన పెద్ద స్పీకర్లతో వీటిని పోల్చి ఒక్క మాటైనా అనరాదు.

ఐదు. ఆయన కుర్చీ మాత్రం కూతురిదే. మేడమీదకి వెళ్ళడానికి వీల్లేదు.

ఆరు. ఇది తోడికోడలికి మాత్రమే. చెల్లీ, పాట పైస్థాయి అందుకున్నప్పుడల్లా ఆయన కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలని నొక్కేది. ఆ సంగతి ఆయనకే తెలీదు. ఈ లోకంలో తెలిసింది నాకూ నీకూ. నేను పోతే నీ ఒక్కదానికే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతోంది. అయినా తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. పాట పెట్టు.

రాయించిన తేదీ: మార్చి పంతొమ్మిది, గురువారం, మధ్యాహ్నం.

చదివించుకుని, విని, ఒప్పుకుని చేసిన సంతకం: కింది వాటా కుట్టుమిషనావిడ

సాక్షులు:
మందుల కొట్టాయన
బొత్తాలు, లేసులు అమ్మే ఫ్యాన్సీ కొట్టావిడ