మీ అత్త నడుముకు కట్టుకున్న సీసా

అప్పా, నా అక్కా,

వాంతులు, విరేచనాలతో నువ్వు పోయి పదకొండు నెలలయింది. మళ్ళీ వానలు మొదలయ్యాయి. నీ పాప ఇంకా ఆ ఊట నీళ్ళే తాగుతోంది...

నేను మైక్రోబయాలజీలో చేరినప్పుడు "ఏటే గుంటా, కనపడని పురుగులకి కూడా సదువుంటాదా?" అని నవ్వావు. ఇప్పుడు ఆ పురుగుల్ని చూపించడానికే మీ అత్తవారి ఊరొచ్చాను. కాఫీ గింజలు ఆరబోసే షెడ్డులో మైక్రోస్కోపు పెట్టాను. ఊట గట్టు మీది పాచిలో ఈదుతున్నవాటిని చూసి ఆడవాళ్ళు ఒకటే నవ్వులు. నవ్వనిది మీ అత్త ఒక్కతే. కొండదేవత తల్లి ఇచ్చిన ఊటకి పరీక్ష ఏమిటని ఆవిడ కోపం.

నీళ్ళు పరీక్షించే మందు వేసిన సీసా ఇంటికొకటి ఇచ్చాను. ఎవరి నీళ్ళు వాళ్ళే పట్టి, రెండు రోజులు వెచ్చగా ఉంచాలి. మలం కలిసిన నీళ్ళయితే క్రిములు పెరిగి సీసా నల్లబడుతుంది. వెచ్చగా అన్నాను గానీ ఎంత వెచ్చగానో చెప్పలేదు... ఈ వాన చలికి అందరూ పొయ్యిలో వేడి బూడిద కింద కప్పెట్టారు! క్రిములన్నీ ఉడికిపోయాయి. ఒక్క సీసా కూడా నల్లబడలేదు.

"సూసినావా మా తల్లి నీళ్ళు!" అంది మీ అత్త, ఊరందరి ముందు. నన్ను చూస్తూనే పాపకి ఒక చెంబు తాగించింది. ఆ ధైర్యం వాళ్ళకి ఇచ్చింది నేనే కదా అప్పా?

కొత్త సీసాలతో ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. ఈసారి ఒంటి వెచ్చదనం చాలు, నడుముకు కట్టుకోండి అన్నాను. మీ అత్త పంతానికి కట్టుకుంది. సీసాతోనే సామ చేలో కలుపు తీసింది, సీసాతోనే పడుకుంది.

ఈ ఉదయం అందరూ చూస్తుండగా కొంగు విప్పింది. సీసా నల్లగా... కాటుకలా ఉంది.

ఆవిడ దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, మెల్లిగా అడిగింది. "మీ అప్ప నీళ్ళు నీళ్ళంటే నా సేత్తోనే పట్టినానే... ఈ నీళ్ళేనా?"

నువ్వైతే ఏం చెప్పేదానివి?

ఈ సీసా ఇప్పటి నీళ్ళ సంగతే చెబుతుంది, పోయినేడాది సంగతి దానికి తెలీదు అన్నాను. అబద్ధమైతే కాదు కదా?

ఆవిడ పెద్ద గిన్నెతో నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. సలసలా తెర్లినా దించలేదు. పాప దాహమని ఏడ్చినా, చల్లారేదాకా చుక్క ఇవ్వలేదు.

వానలు వెళ్ళేదాకా ఇక్కడే ఉంటాను. ఆవిడ మళ్ళీ అడిగితే... మళ్ళీ అదే చెబుతాను. కోప్పడకు.

నీ చెల్లి