బోణీ కాకుండా పార్సిలు ఇవ్వనందుకు వచ్చిన నోటీసు గురించి

గని కంపెనీ టౌన్‌షిప్ ఎస్టేటు ఆఫీసరు శ్రీ చక్రధరరావు గారి సముఖమునకు,
కిరండూల్ లేబరు క్వార్టర్ల సందు మొదట్లో కిరాణా గుమ్టీ (రేకుల కొట్టు) నడుపుకొనుచున్న గంగారత్నం (లోడింగు ప్లాంటులో పనిచేసి కాలం చేసిన సీతారాములు గారి భార్య) వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆన్‌లైన్ పార్సిళ్ళ మీద అక్రమ వసూలు చేయుచున్నానని, సోమవారం నాటికి గుమ్టీ తీసివేయాలని వచ్చిన నోటీసును రద్దు చేయుట గురించి.

తమరు తెలుగువారని తెలిసి తెలుగులో రాస్తున్నాను. హిందీలో బేరం ఆడగలను, గోండిలో పలకరించగలను, రాయడం మాత్రం ఈ ఒక్క భాషే, అదీ అక్షరాలు కొంచెం వంకర. నోటీసు వచ్చిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు. నాకు మామూలుగానే భయం ఎక్కువ. వాన రాకపోతే భయం, వస్తే రేకులు కారతాయని భయం. కాబట్టి ఎక్కడైనా ఎక్కువ తక్కువ రాసి ఉంటే మన్నించవలెను.

1. పార్సిళ్ళు నా గుమ్టీలో దిగడం నేను కోరుకొన్నది కాదు. మా క్వార్టర్ల నంబర్లు ఎర్రదుమ్ము పట్టి ఎప్పుడో చెరిగిపోయినవి. అందుచేత ఫోనులో సామాను తెప్పించుకొనే వారందరూ అడ్రసులో 'గంగారత్నం దుకాణం దగ్గర' అని రాయించారు. ఆఫీసర్ల కాలనీ గేటు దగ్గర డెలివరీ బండ్లు ఆపేస్తున్నారట, కనుక అక్కడివీ నా దగ్గరకే వస్తున్నవి. సామాను తెచ్చే పొజ్జా కోంటా వైపు మనిషి, పెళ్ళాం బిడ్డలు ఉన్నవాడు, మర్యాదస్తుడు. మొదటిరోజు బండి దిగుతూనే అడిగాడు.

"ఏందవ్వా, ఊరంత నీ ఇంట్లనే ఉంటదా?"

పేర్లు చదివాడు. "వీళ్ళంతా నా దగ్గర ఉప్పు కొనేవాళ్ళే నాయనా" అన్నాను.

"ఇగ కొనరు లే అవ్వా. ఉప్పు గూడ ఇందులనే ఉన్నది" అని ఒక డబ్బా ఊపి చూపించాడు.

2. ఆ విధముగా నా సబ్బులు, పౌడర్లు, పిల్లల చెప్పులు అమ్ముడుపోక అరల మీదనే ఉండిపోయినవి. నా వ్యాపారానికి పోటీగా వచ్చిన సరుకును నా కొట్లోనే దాచి, ఎలకలు కొట్టకుండా నేనే కాపలా కాయవలసి వచ్చినది. ఇది ఏ రూలు ప్రకారమో తమరే సెలవివ్వాలి. కాపలాలో ఎంత ఆదుర్దా ఉన్నదో కూడా తమరు గమనించాలి. ఒకసారి ఒక అట్టపెట్టె లోపల టిక్కు టిక్కుమన్నది. మన ప్రాంతంలో బాంబుల సంగతి తమకు నేను చెప్పనక్కరలేదు. దాని మీద గంగాళం బోర్లించి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టి, నేను రోడ్డు అవతలకు వెళ్ళి కూర్చున్నాను. పక్క క్వార్టరు తిరుపతమ్మ వచ్చి, "ఏటొదినా, ఎండలో కూకున్నావు?" అన్నది. చేత్తో చూపించాను. ఆమె చక్కా వెళ్ళి గంగాళం ఎత్తి, "ఓసి నీ భయం తగలెయ్య! ఇది నా గోడ గడియారమే" అని చంకన పెట్టుకొని పోయింది.

3. పైన చెప్పిన గడియారం వారం తిరక్కుండానే ఆగిపోయినది. తిరుపతమ్మ సెల్లు కోసం నా దగ్గరకే వచ్చింది. అప్పుడు నాకు బుద్ధి వెలిగింది. పిల్లల ఆటకారు వస్తుంది, సెల్లు రాదు. చీర వస్తుంది, ఫాల్సు రాదు. జాకెట్టు వస్తుంది, అది ఎవరి ఒంటికీ పట్టదు, హుక్కులు జరిపి కుట్టుకోవాలి. ఇప్పుడు నేను సబ్బులు తగ్గించి సెల్లులు, హుక్కులు, దారపు రీళ్ళు పెట్టాను. ఫోనులో సూదులు పాకెట్టు లెక్కన కొనాలి, నా దగ్గర ఒక్క సూది ఇస్తాను. కొబ్బరికాయ కుళ్ళితే మారుకాయ ఇస్తాను. కావున అయ్యా, ఆన్‌లైను వారితో నాకు పేచీ లేదు. వాళ్ళు మరచిపోయినవన్నీ అమ్ముకొని బతుకుతున్నాను. నిజం చెప్పాలంటే, ఇదివరకు ఇటు చూడనివాళ్ళు కూడా పార్సిలు కోసం వచ్చి పోతున్నారు. మా ఆయన పోయినాక ఇంత సందడి ఎరగను.

4. ఇక నోటీసులో రాసిన నేరం. మా ఆయన ఉన్ననాటి నుంచి మా కొట్టుకు ఒకటే కట్టుబాటు. పొద్దున్న బోణీ కాకుండా కొట్లోంచి ఏదీ బయటకు పోకూడదు. మనదైనా, ఒకరు దాచుకొన్నదైనా సరే. ఒక్కసారి జాలిపడి, పక్కవాళ్ళు మరచిపోయిన గొడుగు బోణీ కాకముందే వాళ్ళకు ఇచ్చేశాను. ఆ మధ్యాహ్నమే కొండ మీది నుంచి ఎర్రనీళ్ళు దిగి నా పంచదార బస్తాలో దూరినవి. గొడుగు వల్లనేనా అంటే నేను చెప్పలేను. మళ్ళీ ఇచ్చి చూసే ధైర్యం మాత్రం లేదు.

అట్లుండగా, కొత్తగా వచ్చిన ఇంజనీరు గారి భార్య నేను తలుపు తీస్తుండగానే వచ్చి పార్సిలు అడిగింది. కూర్చోమని పీట వేసి, "బోణీ కానీ తల్లీ" అన్నాను.

"ఎంతసేపు అమ్మాజీ?"

"మీరే ఒక అగ్గిపెట్టె కొంటే అయిపోతుంది గదా."

"మా ఇంట్లో అగ్గిపెట్టెతో పని లేదు. నా సామాను నాకివ్వడానికి పైసలా? ఇది వసూలీ!" అని విసవిసా పోయింది.

పెద్ద ఊళ్ళో పెరిగిన పిల్ల, ఆమె మీద నాకు కోపం లేదు. కానీ అయ్యా, వసూలంటే ఏమీ ఇవ్వకుండా తీసుకొనేది. నేను అగ్గిపెట్టె ఇస్తున్నాను. అదీ ఆ రోజు మొదట వచ్చిన ఒక్కరికే. తరువాత వచ్చినవారు ఊరికే పట్టుకుపోతారు. ఆ సంగతి తెలిసి ఇప్పుడు మా సందువాళ్ళు మలుపులో నిలబడి "నువ్వెళ్ళు", "ముందు నువ్వెళ్ళు" అని ఒకరినొకరు తోసుకొంటున్నారు. నేను చూడనట్టు చాటలో బియ్యం చెరుగుతూ ఉంటాను.

5. గుమ్టీ తీసేస్తే ఈ సామానంతా ఎక్కడ దిగాలో నోటీసులో రాయలేదు. పొజ్జాకు చెబితే, "నన్ను గుట్టెక్కి ఒక్కొక్కల పేరు పెట్టి పిలువమంటవా అవ్వా?" అన్నాడు. నా వరకు నాకు, పొద్దున్నే తలుపు తీయడానికి ఈ కొట్టు లేకపోతే, లేవడం దేనికో తెలియదు. ఇది బెదిరింపు కాదు.

కావున తమరు దయతో నోటీసు రద్దు చేయించవలెను. క్వార్టర్ల మీద నంబర్లు మళ్ళీ రాయించమని కూడా ముందు రాశాను. రాసినాక భయం వేసి కొట్టివేశాను. నంబర్లు రాయిస్తే పార్సిళ్ళు ఎవరి ఇంటికి వాళ్ళకు పోతాయి. కనుక రాయించవద్దు.

ఈ వంకర అక్షరాలను ఓపికగా చిత్తగించి, ముసలిదాని భయం ఒక్కటైనా తగ్గించవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయురాలు
గంగారత్నం

మరచిపోయినది: నోటీసు తెచ్చిన ప్యూను కేసా చేత కూడా అగ్గిపెట్టె కొనిపించాను. ఏమీ అనుకోవద్దు. పొద్దున్నే వచ్చాడు, అందినట్టు సంతకం పెట్టమన్నాడు. సంతకం కూడా నా కొట్లోంచి బయటకు పోయేదే గదా.

ఇంకొకటి. తమ పేరుతో ఒక పార్సిలు వచ్చి ఉన్నది. మెత్తగా ఉన్నది, చప్పుడు లేదు, అయినా గంగాళం కిందనే పెట్టాను. సోమవారం గుమ్టీ తీయించేటట్టయితే తమ మనుషుల కంటే ముందు తమరే ఒకసారి రావాలి. ఒక అగ్గిపెట్టె కొని, పార్సిలు తీసుకొని, ఆ తరువాత తమ చిత్తం. బోణీ కాకుండా కొట్లోంచి సామానే పోనివ్వనిదాన్ని, కొట్టునే ఎట్లా పోనిస్తాను?