మీ అన్నయ్య ఇచ్చిన జీతం కాగితం

శ్రీమతిగారి సముఖమునకు,

ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, నిన్న ఉదయం ఎనిమిది గంటలకు నీ భర్త తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకొనెను. కాలరు కింద కొంత కాలెను. ప్రాణనష్టం లేదు.

నేనూ పిల్లా బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావు? ఆసుపత్రి వంటగదిలో పొద్దంతా నిలబడి కాళ్లు వాస్తున్నాయని రాశావు. కూరగాయలు తరిగే పనైనా కూర్చుని చెయ్యి. ఎవరైనా ఏమైనా అంటే మా ఆయన డాక్టరని చెప్పు. కుట్టు మిషన్ల డాక్టరని తర్వాత చెప్పొచ్చు.

నువ్వడిగినవాటికి జవాబులు. పిల్ల లెక్కల్లో గట్టెక్కింది, నా పోలిక రాలేదని తేలిపోయింది. వంటింటి కప్పు ఇంకా కారుతూనే ఉంది. ఇంటి ఓనరుకి చెబితే, ఎలాగూ సొంతిల్లు కొంటున్నారుగా అని గిన్నె పెట్టుకోమన్నాడు. గిన్నె మనదే.

ఇక ఇంటి అప్పు సంగతి. దీనికి కాస్త నీళ్లు తాగి కూర్చో.

నువ్వు చెప్పిన పెద్ద బ్యాంకుకి వెళ్లాను. చల్లటి గది, మెత్తటి కుర్చీ. ఎవరి దగ్గర పనిచేస్తారని అడిగాడు అక్కడి గుమాస్తా. నా దగ్గరే అన్నాను. యజమాని సంతకంతో జీతం కాగితం తెమ్మన్నాడు.

"మా యజమాని ఒట్టి బద్ధకస్తుడు సార్. అయినా బతిమాలి పెట్టిస్తాను" అన్నాను. అతను నవ్వలేదు. జీతం లేకపోతే మూడేళ్ల పన్ను కాగితాలు కావాలన్నాడు. నేను కట్టింది ఒక్క ఏడాదే.

అప్పుడే మీ అన్నయ్య కాగితం పట్టుకొచ్చాడు. ఆయన బట్టల కార్ఖానాలో నేను ఎనిమిదేళ్లుగా సూపర్‌వైజర్నట. జీతం కూడా బాగానే వేశాడు. "ఒక్క సంతకం బావా, అందరూ చేసేదే" అన్నాడు. మంచికే అన్నాడు, కాదనను.

పోయిన ఉత్తరంలో, ఆ కాగితం ఇచ్చి పెద్ద బ్యాంకులో సంతకం పెట్టేశానని రాశాను కదా. పెట్టలేదు. కాగితం మీ అన్నయ్యకే తిరిగిచ్చేశాను. అప్పటి నుంచి ఆయన మన వీధి మొహం చూడటం లేదు. నీకు చెప్పడానికి భయపడి, నెలంతా దాచాను.

నేను అబద్ధాలకోరునని వీధి వీధంతా తెలుసు. కానీ ఇరవై రెండేళ్లు ఈ రిపేరు కొట్లో నూనె చేతులతో బతికి, ఆ ఎనిమిదేళ్లూ ఇంకొకడి దగ్గర జీతానికున్నానని రాస్తే, ఈ మిషన్లన్నీ బాగు చేసిందెవరే? ఇల్లు రాకపోతే పోనీ. ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను.

మార్కెట్ వెనక మేడ మీద చిన్న గృహరుణాల సంఘం ఉంది. జీతం లేనివాళ్లయితే, సంఘం ఆఫీసరు ఒక రోజంతా కొట్లో కూర్చుని చూస్తారు. కళ్లద్దాల ఆఫీసరమ్మ వచ్చి తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా స్టూలు మీదే కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్లనీ ఒకటే అడిగింది, ఎన్నేళ్లుగా వస్తున్నారని. ఆ రోజు నలభై మంది వచ్చారు, వరస వీధి చివరిదాకా పోయింది. నేను లేచి నిలబడి, కష్టపడేవాడికి జీతం కాగితమెందుకని ఉపన్యాసమిచ్చాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. వీధి మలుపులో ఉండే దర్జీ మాత్రం ఆవిడతో, "పద్దెనిమిదేళ్లమ్మా. ఈయన మాట ఒక్కటీ నమ్మను. చెయ్యి మాత్రం నమ్ముతాను" అన్నాడు.

అప్పు ఇస్తామన్నారు. కాగితాలు ఇందులో పెట్టాను, నీ సంతకం కూడా ఉంటేనే కదులుతుంది.

సంతకం పెట్టేముందు నిజం తెలియాలి కాబట్టి రాస్తున్నాను. నలభై మంది రాలేదు. ఆరుగురొచ్చారు, అందులో ఒకడు చిల్లర కోసం. ఉపన్యాసం ఇవ్వలేదు, తల వంచుకుని సూదులు మార్చాను. ఆవిడ ఏడవలేదు, ఆవులించింది. దర్జీ మాట నిజం. వడ్డీ పెద్ద బ్యాంకు కన్నా ముప్పావు శాతం ఎక్కువ, అది నిజం. ఇచ్చేది తక్కువ కాబట్టి నువ్వు ముచ్చటపడ్డ మూడు గదుల ఇల్లు రాదు, రెండు గదులే. అదీ నిజం.

కోపమొస్తే తిట్టి రాయి, చదువుకుంటాను. సంతకం పెట్టకపోతే ఈ కారే కప్పు కిందే ఉందాం. మీ అన్నయ్య కాగితం మాత్రం మళ్లీ అడగను, నువ్వు చెప్పినా సరే.

ఇట్లు,
ఎవరి దగ్గరా జీతానికి లేని
నీ ఆయన