అరుగు పగలగొట్టకూడదు

పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం కాపురస్తుడు, కీర్తిశేషులు మెండెం జకరయ్య గారి రెండో కొడుకు, రైస్‌మిల్లు హమాలీ, ఇరవై ఎనిమిదేళ్ళ వయసు గల మెండెం అహరోను అనే నేను నా చేతి రాతతో రాసుకుంటున్న వీలునామా. నాకు పాడైంది గుండెలో కవాటం. బుద్ధి బాగానే ఉంది. ఎల్లుండి హైదరాబాదులో ఆపరేషన్‌కి చేరుతున్నాను. బతకొచ్చు, బతకకపోవచ్చు అని డాక్టరు గారు మొహం మీదే చెప్పారు. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. నా చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. తర్వాత చదివింది నా అంతట నేను చదువుకున్నదే. చట్టం మాటలు లాయరు గారిని అడిగి రాశాను, మిగతావి నావి.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా మిల్లు మేస్త్రీ యాకోబు గారికి అప్పగిస్తున్నాను. ఆయన కోపిష్టి. అందుకే ఆయన.

2. మా నాన్న పోయాక పెద్దమనుషుల ముందు జరిగిన పంపకంలో ముందుగదీ వంటిల్లూ నా వాటాకి వచ్చాయి. వెనక రెండు గదులూ పెరడూ మా అన్నయ్య బెంజమిన్‌వి. నా వాటా యావత్తూ, తలుపులు, కుళాయి, కరెంటు మీటరుతో సహా, నా భార్య దేవకుమారికి సర్వహక్కులతో చెందాలి. మాకు పిల్లల్లేరు. వీలునామా రాయకుండా నేను పోతే ఇందులో సగం మా అన్నయ్యకి పోతుందని లాయరు గారు చెప్పారు. ఆ సగంలో వంటిల్లు ఉంటుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దేవకుమారి ఈ వాటాని అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు, తాళం వేసుకుని ఊరికే కూర్చోవచ్చు. ఆవిడ్ని గుండుగొలను పుట్టింటికి సాగనంపే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

3. వంటింట్లో గట్టు ముందు నేను కట్టిన అరుగుని ఎవరూ పగలగొట్టకూడదు. ఈ కాగితం అసలు దీని కోసమే, కాబట్టి వివరంగా రాస్తాను.

దేవకుమారికి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. చేతుల మీద జరుగుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేల మీద కట్టెల పొయ్యి ముందు కూర్చుని రెండు కుటుంబాలకీ వండింది. కొల్లేరు చేప వచ్చిందంటే ఆవిడ పులుసు కోసం మా అన్నయ్య పని నుంచి పెందలాడే వచ్చేసేవాడు.

పోయినేడు నేను ఆయాసంతో ఏలూరు ఆసుపత్రిలో ఉండగా ఇంటికి గ్యాసు వచ్చింది. సిలిండరు కంటే పొయ్యి ఎత్తున ఉండాలని బిగించడానికి వచ్చినతను చెప్పాడు. అది నిజమే, ప్రాణాలతో పని. మా అన్నయ్య కట్టెల పొయ్యి తవ్వించేసి, నిలబడి వండే గట్టు కట్టించాడు. ఈ ఇంట్లో వండే మనిషి నిలబడగలదా అని ఒక్కళ్ళకీ అనుమానం రాలేదు.

నేను ఇంటికొచ్చేసరికి నా భార్య తన వంటింటి గడప బయట కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. మా వదిన సుగుణ వండి, వంగి పళ్ళెం అందిస్తోంది. “ఇంక దేవకుమారికి రెస్టేనయ్యా, అదృష్టవంతురాలు” అంది వదిన. “నాకిక్కడ పనేం మిగిలిందండీ? మా అమ్మ దగ్గర దింపేసి రండి” అంది నా భార్య. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు.

గట్టు దించితే గ్యాసుతో ప్రమాదం. కాబట్టి మనిషినే పైకెత్తాలి. గట్టు పొడుగునా దాని ముందు అరుగు కట్టాను. మిల్లులో కూల్చిన గోడ ఇటుకలు, రాళ్ళ కొట్టు వెనక పారేసిన కడప రాతి ముక్కలు, ఎవరిళ్ళల్లోనో మిగిలిపోయిన తలో రంగు టైల్సు. కొన్నది సిమెంటూ, కుళాయికి పైపు ముక్కా. గుమ్మం నుంచి అరుగు మీదికి వాలు పోశాను. చెయ్యి జారకుండా తడి సిమెంటు మీద కొబ్బరి తాడు అద్ది గీతలు పెట్టాను. కుళాయిని కూర్చున్న మనిషికి అందేటట్టు దించాను. ఉప్పూ కారం గూళ్ళు ఆవిడ మోచేతి దగ్గరికి వచ్చాయి. ఆయాసపడుతూ కట్టాను, అందుకే ఒక మూల వంకర. ఆ వంకర కూడా సరిచేయకూడదు.

మా వంటిల్లు చిన్నది. అరుగు వచ్చాక నిలబడే చోటు లేదు. ఎవరు వండినా ఆ అరుగెక్కి కూర్చునే వండాలి. గొడవంతా ఇదే. “చుట్టాలొస్తే సిగ్గుతో చస్తున్నాను. కాళ్ళున్నోళ్ళం కూడా కుంటోళ్ళలాగ చతికిలబడాలా?” అంది వదిన, నా భార్య వింటుండగానే. మొన్న నా సంచీ సర్దుతూ అన్నయ్య “ముందు నువ్వెళ్ళి రారా. అరుగు సంగతి తర్వాత చూసుకుందాం” అన్నాడు. ఆ తర్వాత అంటే ఎప్పుడో నాకు తెలుసు. నేను లేనప్పుడు.

కాబట్టి రాస్తున్నాను. దేవకుమారి తన చేత్తో సంతకం చేసి ఒప్పుకుంటే తప్ప ఒక్క ఇటుక కూడా కదపకూడదు. వదిన ఆ వంటింట్లో నిక్షేపంగా వండుకోవచ్చు. కూర్చుని.

4. దేవకుమారి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఈ హక్కులేవీ పోవు. ఆ వచ్చేవాడు కూడా కూర్చునే వండాలి.

5. బస్తాలు ఎత్తే నా కొక్కెం యాకోబు మేస్త్రీ గారికి. పిడి నా చేతికి అరిగింది. ఆయనకి కుదరకపోతే కుర్రాళ్ళెవరికైనా ఇచ్చెయ్యొచ్చు.

6. నా సైకిలు అన్నయ్య కూతురు ప్రీతికి. వెనక బ్రేకు పట్టదు, బాగు చేయించాకే ఎక్కాలి. సీటు తన ఎత్తుకి దించుకోవాలి. సాయంత్రం పూట ఆ అరుగెక్కి పిన్ని పక్కన కూర్చుని పాఠాలు చదివేది ఈ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే. అది నేను చూశాను.

7. అమ్మ ఇత్తడి బిందె వదినకి రాద్దామనుకున్నాను. సాక్షి భార్యకి రాస్తే చెల్లదట. అందుకని అది కూడా దేవకుమారికే. ఇవ్వాలనిపిస్తే ఆవిడే ఇస్తుంది.

8. అన్నయ్యా, నీకు ఏమీ రాయలేదు. నువ్వు సాక్షివి, సాక్షికి ఏదీ రాయకూడదు. బయటివాళ్ళిద్దర్ని పెట్టుకోవడం నాకు చేతకాక కాదు. వాళ్ళని పెడితే రేపు నువ్వు, మా తమ్ముడు రోగంలో ఏదో రాశాడండీ, అంటావు. నీ సంతకం ఉంటే అనలేవు. నాన్న పోయాక నా ఫీజు కట్టలేక నన్ను బడి మాన్పించి మిల్లుకి తీసుకెళ్ళింది నువ్వే. మొదటి రోజు నా వంతు బస్తాలు కూడా మోసిందీ నువ్వే. రెండూ గుర్తున్నాయి. నువ్వు చెడ్డవాడివైతే ఇంత రాయను, తిట్టి ఊరుకునేవాడిని. నువ్వు మంచివాడివే, ఎదటి మనిషిని అడగవు, అంతే. ఈసారి నేను అడుగుతున్నాను. చదివి సంతకం పెట్టు. పెట్టకపోతే ఇది చిత్తుకాగితం, నా భార్య మళ్ళీ గడప బయట కూర్చుంటుంది.

తేదీ: 2008 ఆగస్టు 11, సోమవారం
తాడేపల్లిగూడెం

(సంతకం) మెండెం అహరోను

అహరోను మా ఇద్దరి ఎదుటా సంతకం చేయగా చూసి మేము చేసిన సాక్షి సంతకాలు:

1. (సంతకం) నిత్యానందం, సంఘ కాపరి

2. (సంతకం) మెండెం బెంజమిన్, అన్న. అరుగు నాకు ఇష్టం లేదు. అయినా ఈ సంతకం నాదే.