ముందే తుడిచెయ్యకు

ఒరేయ్ తమ్ముడూ,

ఇల్లు శుభ్రం చేసేవాళ్ళు ఇవాళ రెండు చోట్ల నుంచి వస్తున్నారు. పొద్దున మిషన్లున్న కంపెనీవాళ్ళు, మధ్యాహ్నం పక్కవీధి అత్తాకోడళ్ళు. ఒకళ్ళకి హాలు, ఇంకొకళ్ళకి వంటిల్లు అప్పజెప్పి, నచ్చినవాళ్ళని ఖాయం చెయ్యి. నాకు ఫోన్ చెయ్యకు, డ్యూటీలో ఎత్తను.

వాళ్ళొచ్చేలోపు నువ్వు మాత్రం చీపురు పట్టకు. పోయినసారి పరువు పోతుందని తెల్లారకుండానే లేచి ఇల్లంతా అద్దంలా తుడిచిపెట్టావు. వచ్చినావిడ చుట్టూ చూసి, "ఇక్కడ నాకేం పనుంది బాబూ?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నీకేమో నడుం పట్టేసింది. దానికి మందు రాయలేక నా చేతులు పడిపోయాయి.

వంటింటి గుమ్మం పక్కన గోడ మీద నూనె మరక ఉంది కదా. అమ్మ ఉన్నన్నాళ్ళూ మోకాళ్ళ నొప్పితో లేచినప్పుడల్లా చెయ్యి ఆనించిన చోటది. దాన్ని తుడవమంటారా అని వాళ్ళే అడుగుతారేమో చూడు. అడక్కుండా గుడ్డ పెట్టబోతే ఆపు. ఎంత బాగా చేసినా వాళ్ళు మనకొద్దు.

అన్నం వండి మూతపెట్టాను. తిను.

అక్క

మరక సంగతి నీకు చెప్పక్కర్లేదులే. పోయినసారి గోడంతా తుడిచి, ఆ చెయ్యంత మేర వదిలేశావు. నేను చూశాను.