ఫోను దాచిపెట్టిన మాటలు

ధర్మపురి, తమిళనాడు,
బుధవారం

అక్కా,

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటావు. ఆ ఫోన్ వల్లే.

అబ్బాయి కొనిచ్చి ఆరు వారాలైంది. నా మొహం చూస్తే తెరుచుకుంటుంది, వాన సంగతి చెబుతుంది, నా అడుగులు లెక్కపెడుతుంది. బాగుందనే అనుకున్నాను. ఆదివారం కోడలు వినోదిని, “ఫోటోలతో నిండిపోయినాది అత్తా, ఖాళీ చేసిస్తాను” అని తీసుకుని సాయంత్రం దాకా ఇవ్వలేదు. అప్పట్నుంచి నన్ను నీళ్ల బిందె ఎత్తనివ్వదు. ఎందుకో చెప్పదు.

నిన్న తెలియక ఏదో నొక్కితే నీ గొంతు వినిపించింది. మనం మాట్లాడుకున్నదంతా అది దాచిపెట్టింది అక్కా! రొమ్ములో గడ్డ సంగతి, పెద్దాసుపత్రిలో పరీక్షకు రమ్మన్న సంగతి, ఇంట్లో చెప్పొద్దని నేను ఏడ్చిన ఏడుపు, అన్నీ ఉన్నాయి. వినోదిని విన్నదో లేదో?

ఇక ఫోన్ చేయొద్దు. మహేంద్రమంగళం నుంచి తెలుగులోనే జవాబు రాయి. నాన్న మనకు నేర్పిన ఈ అక్షరాలు ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రావు. అందరూ తమిళమే చదివారు.

ఇంతవరకు రాసేసరికి వినోదిని వచ్చి పక్కన కూర్చుంది. కాగితం మడిచేశాను. “నాకూ ఈ అక్షరాలు నేర్పండత్తా” అంది.

విన్నావా అని అడగబోయి, మడిచిన కాగితమే మళ్లీ విప్పాను. పెన్ను చేతికిచ్చాను. కింద వంకరగా ఉన్నది తను రాసిందే.

అ