మైత్రి కళ్ళు మూయలేదు

ఇందిరాపురం, మంగళవారం రాత్రి

పళ్ళ డాక్టరమ్మ ఇవాళ నాకు ఈ వయసులో పళ్ళు తోమడం నేర్పింది. మనవరాలు మైత్రికి దవడ పన్ను పుచ్చింది. సెరిబ్రల్ పాల్సీ వల్ల దాని చేతికి బ్రష్షు లొంగదు, తోమేది నేనే.

"ఎదురుగా కాదు అంకుల్, కుర్చీ వెనక నిలబడి తల మీ గుండెకు ఆనించుకోండి. లోపలి పళ్ళు అప్పుడే కనిపిస్తాయి," అంది. ఇలాగే పుచ్చుతూ పోతే మత్తిచ్చి పీకాలట. అసలే ఫిట్స్ పిల్ల, మత్తు అనగానే మా అమ్మాయి సుధ మొహం పాలిపోయింది.

గూడ్సు బండి గార్డుగా నేను బతుకంతా వెనక పెట్టెలోనే కూర్చున్నాను, ముందేం జరిగేదో తెలిసేది కాదు. ఆ కథలు మొదలుపెడితే తెల్లారుతుంది.

సాయంత్రం వెనక నిలబడితే పళ్ళన్నీ కనిపించాయి, పిల్ల కళ్ళు కనిపించలేదు. నొప్పి పుడితే అది కళ్ళు గట్టిగా మూస్తుంది, నేను ఆపేస్తాను. ఇన్నేళ్ళ ఒప్పందం అదే. మాటిమాటికీ ముందుకొచ్చి చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

నోరు కడిగాక మెల్లగా మాటలు కూడదీసుకుని, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల కదా, హిందీలోనే, "నానూ, దర్ద్ హువా థా," అంది.

"నొప్పేస్తే కళ్ళు మూయలేదేమే?"

"ఆప్ రుక్ జాతే."

నేను ఆపేస్తానని ఓర్చుకుందట. ఇక ఆ కళ్ళను కూడా నమ్మకూడదంటే, రేపు ఎక్కడ ఆపాలో నాకెవరు చెబుతారు?